'నువ్వు' అన్నందుకు

టోపీ కిందికి తల దూర్చగానే లోకం నోరు మూతపడుతుంది. జుట్టు చుట్టిన ముప్ఫై ఎనిమిది రోలర్లు, వాటి మీద వల, చెవులు కాలకుండా రెండు దూది ముద్దలు, ఆపైన జుట్టు ఆరబెట్టే ఈ యంత్రం టోపీ, ఇక హోరు తప్ప ఏమీ వినపడదు. మార్లీస్ నా మోకాలి మీద తట్టి ఏదో అంది, పెదాలని బట్టి చూస్తే నలభై నిమిషాలు అని ఉంటుంది, ఎప్పుడూ నలభై నిమిషాలే, ఇరవై ఆరేళ్ళుగా ఈ షాపులో నా జుట్టు నలభై నిమిషాల్లోనే ఆరుతోంది, జుట్టు సగం పలచబడ్డా ఆ లెక్క మాత్రం మారలేదు. బయట నవంబరు శనివారం మధ్యాహ్నం, బీట్ దుంపల ట్రాక్టర్లు వీధంతా బురద చేసుకుంటూ పోతున్నాయి, కిటికీ అద్దం అదురుతోంది గాని చప్పుడు లేదు. ఎదురుగా కుర్చీల్లో నలుగురు ఆడవాళ్ళు వంతు కోసం కూచున్నారు, నోళ్ళు ఆడుతున్నాయి, నాకు ఒక్క ముక్క అందడం లేదు. ఈ మూడు వారాల్లో నాకు దొరికిన హాయి ఇదొక్కటే. మాట్లాడుకోండి తల్లీ, మాట్లాడుకోండి, నా గురించి అయినా సరే, కనుబొమల దాకా కప్పుకుని వలలో చిక్కిన ఈ తల ఎవరిదో మీకు మాత్రం ఎలా తెలుస్తుంది.

రేపు పదింటికి ఫాదర్ ఆన్స్‌గార్‌గారి ఆరు వారాల పూజ. మావైపు మనిషి పోయిన ఆరు వారాలకి చర్చిలో ఒక పూజ చేయించి, ఏడ్చింది చాలు, ఇక పనులు చూసుకోండి అంటారు. ఆ పూజలో ఎడమవైపు మూడో బల్లలో, స్తంభం పక్కన, పద్నాలుగేళ్ళుగా నేను కూచున్న చోట నేను కూచోవాలి. నాకింకేమీ వద్దు. ఆయన ఇల్లు చూసుకోడానికి వచ్చాను, ఆయన పోయారు, ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు, చేస్తాను. కొత్త ఫాదర్ తన అక్కని తెచ్చుకుంటున్నాడట, తెచ్చుకోనీ. మూడో బల్ల మాత్రం నేను ఖాళీ చెయ్యను. మొన్న చర్చి సంఘం పెద్ద బోంగార్ట్స్‌గారు హ్యాటు తీసి చేతిలో గుండ్రంగా తిప్పుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఫ్రాయిలైన్ కెంప్కెస్, మీరు ఆదివారం ఏడింటి పూజకి వస్తే ప్రశాంతంగా ఉంటుందేమో, ఒకసారి ఆలోచించండి."

"ఎవరికండీ ప్రశాంతం?"

"అబ్బే, మీకే. పదింటికి బిషప్‌గారి ఆఫీసు నుంచి వస్తున్నారు. ఆ పత్రికవాళ్ళు కూడా వస్తారేమో."

"ఏడింటికి వచ్చే ఆరుగురు ముసలమ్మలకి కళ్ళు లేవనా మీ ఉద్దేశం?"

హ్యాటు తిప్పడం ఆగింది. ఫ్రాయిలైన్ అట. పెళ్ళయితే పద్దెనిమిదేళ్ళ పిల్ల కూడా ఫ్రౌ, కాకపోతే సమాధిలోకి దిగేదాకా ఫ్రాయిలైన్, అంటే చిన్నమ్మాయి. నలభై ఎనిమిదేళ్ళ చిన్నమ్మాయిని నేను. బోంగార్ట్స్ కూతురు పెళ్ళయిన ఐదో నెలకే పిల్లాణ్ణి కంటే ఫాదర్‌గారు బాప్తిస్మం ఇచ్చి, నెలలు తక్కువ పిల్లాడు పాపం బలంగా ఉన్నాడు అని గంభీరంగా అన్నారు, ఆ రోజు ఇదే హ్యాటు ఇలాగే తిరిగింది. ఆ కబురు ఏ పత్రికా రాయలేదు. అందుకే ఈ రోలర్లు. చెదిరిన జుట్టుతో వెళితే పశ్చాత్తాపంలో ఉందనుకుంటారు. నేను పశ్చాత్తాపంలో లేను, దుఃఖంలో ఉన్నాను, ఈ రెండింటికీ తేడా తెలియాలంటే జుట్టు తీరుగా ఉండాలి.

మార్లీస్ లేకపోతే ఈ తల ముట్టుకునేదెవరు. బుధవారం తనే ఫోన్ చేసింది. "శనివారం రావే రోసీ. యార్డు వైపు నుంచి వెనక గుమ్మంలోకి వచ్చెయ్. ముందు వైపు ఆ దరిద్రపు మొహాలన్నీ ఉంటాయి. ఎవరేమనుకుంటే నాకేంటే, నీ తల నా చేతిలో పెట్టు, రాణీలా తయారుచేసి పంపిస్తా." ఫోన్ పెట్టేసి గోడకి నుదురు ఆనించి ఏడ్చాను. రొట్టెల షాపులో నా వంతు వచ్చాక కూడా నా భుజం మీంచి చూసి వెనకవాళ్ళని ఏం కావాలని అడిగే రోజులు, అలాంటప్పుడు వచ్చెయ్ అనే మనిషి ఒకరున్నారు కదా అని ఏడ్చాను. వెనక గుమ్మం ఎందుకని అడగాలని కూడా తోచలేదు. ఒకటో తరగతి మొదటి రోజు నుంచి మేమిద్దరం ఒకరినొకరు నువ్వు అనుకున్న వాళ్ళం. యుద్ధం చివరి శీతాకాలం ఊరు తగలబడుతుంటే మా ఇంటి నేలమాళిగలో ఒకే కోటు కప్పుకుని పదకొండు రోజులు పడుకున్నాం. ఆ నేలమాళిగ ఇనప తలుపు సైరన్ వినగానే భయంతో నేనే లాగి మూసేశాను, మార్లీస్ చెయ్యి ఇంకా అంచు మీదే ఉంది, కుడిచేతి చిటికెన వేలు. ఎముక అతుక్కుంది గాని వేలు మళ్ళీ వంగలేదు. మిగతా నాలుగు వేళ్ళూ ఏ పనిలో ఉన్నా అది మాత్రం విడిగా, ఎవరితోనో పోట్లాడినట్టు పక్కకి నిలబడి ఉంటుంది, దువ్వెన పట్టినా అంతే, కాఫీ కప్పు పట్టినా అంతే. "ఈ వేలు నీదేనే, నేను మోస్తున్నానంతే" అంటుంది నవ్వుతూ. ముప్ఫై ఏళ్ళుగా అంటోంది, ముప్ఫై ఏళ్ళుగా నేను తల దించుకుంటున్నాను.

ఈ టోపీలు కొత్తవి. కిందటిసారి నేను వచ్చినప్పుడు పాతవే, పసుపువి, ఎడమ చెవి కాల్చేవి. ఇప్పుడు వరసగా మూడు నారింజరంగువి, అంచు మీద కంపెనీ కాగితం కూడా ఇంకా పీకలేదు. "ఎప్పుడు కొన్నావే?" అని అడిగితే, "ఎప్పుడో ఒకప్పుడు కొనాలిగా" అని తల మీద నీళ్ళు పోసింది. నీళ్ళు కొంచెం వేడిగా ఉన్నాయి, ఓర్చుకున్నాను, నాకు తల రుద్దే చేతులు దొరకడమే గొప్ప.

బీన్సు జాడీ రేపు తెరవాలి. ఆరు వారాలకి పులిసి తయారవుతుంది. ఆ గురువారం తరిగిన బీన్సు అవి, పిడి తిప్పితే సన్నగా ముక్కలు రాల్చే చిన్న యంత్రాన్ని బల్ల అంచుకి బిగించి తరుగుతున్నాను, ఫాదర్‌గారు పొద్దుటి పూజ ముగించుకుని వచ్చి కాఫీ కోసం నిలబడ్డారు. "ఫ్రాయిలైన్ రోస్విథా, ఈ ఏడు రెండు జాడీలా?" అన్నారు. "మీరు ముసలాళ్ళ ఇళ్ళకి డబ్బాల్లో పట్టుకుపోతుంటే ఒకటేం సరిపోతుందండీ" అన్నాను. నవ్వారు. కుర్చీ లాక్కున్నారు గాని కూచోలేదు, బల్ల పట్టుకున్నారు, తరవాత బల్ల గుడ్డ పట్టుకున్నారు, గుడ్డతో పాటు గిన్నె, గిన్నెతో పాటు బీన్సన్నీ ఆయన మీద పడ్డాయి. కిటికీలోంచి గంటలు కొట్టే హెర్మన్‌ని కేకేశాను, అతను డాక్టరు కోసం పరిగెత్తాడు. నేను నేల మీద కూచుని ఆయన తల ఒళ్ళోకి తీసుకుని, ఊపిరాడాలని మెడ దగ్గర తెల్ల పట్టీ ఊడదీశాను, ఎవరైనా చేసే పనే, పాలవాడు ఉంటే పాలవాడూ చేసేవాడే. ఆయన నా మొహం వైపే చూశారు. ఏదో తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా చూశారు, నేల పాడుచేసినందుకు కాబోలు. "నువ్వు వెళ్ళకు" అన్నాను. "వెళ్ళకు, నువ్వు ఇక్కడే ఉండు." ఇంతే నేనన్నది. డాక్టరు వచ్చేసరికి నా చేతులన్నీ పచ్చి బీన్సు వాసన. ఆయన్ని తీసుకెళ్ళాక నేల మీది ముక్కలన్నీ ఏరి, కడిగి, ఉప్పేసి జాడీలో నొక్కాను. పిచ్చిదనుకోండి, ఆయన అడిగిన రెండో జాడీ అది.

పద్నాలుగేళ్ళు ఆయన్ని మీరు అన్నాను. జ్వరంలో గంజి పట్టినప్పుడు మీరు, మేజోళ్ళకి కన్నాలు పెట్టుకొచ్చినప్పుడు మీరు, పొగ తాగొద్దన్నారు కదా డాక్టరు అని పోట్లాడినప్పుడు కూడా మీరే. ఆయనా అంతే, నా చెయ్యి కాలి బొబ్బెక్కినా మీరు చెయ్యి ఇలా పెట్టండి అనేవారు. మరి ఆ నిమిషంలో ఆ మాట ఎక్కణ్ణించి వచ్చింది. నువ్వు అని మనం ఎవర్ని అంటాం, పిల్లల్ని, కుక్కని, తోడబుట్టిన వాళ్ళని, మొగుణ్ణి. పోయినవాళ్ళని కూడా అంటాం, ఈ ఊరి సమాధుల్లో మీరు అని చెక్కిన రాయి ఒక్కటి చూపించండి. దేవుణ్ణి అంటాం, ఆ హ్యాటు మనిషి బోంగార్ట్స్ కూడా మోకాళ్ళ మీద పడి పరలోకంలో ఉన్న తండ్రీ నువ్వు నువ్వు అనే అంటాడు. ఆయన అప్పటికి సగం అటువైపు వెళ్ళిపోయారు, అటు వెళ్ళే మనిషిని వెనక్కి పిలవాలంటే మీరు అనే మాట చాలదు, అది గుమ్మం దగ్గరే ఆగిపోయే మాట. ఇలా సర్దిచెప్పుకుంటాను. సర్దిచెప్పుకుని, తరవాత నాకు నేనే సిగ్గులేకుండా ఒప్పుకుంటాను, ఆయనంటే నాకిష్టం. చాలా ఇష్టం. ఆ ఇష్టాన్ని మీరు అనే మాటలో నొక్కి పెట్టి, పైన పలకా రాయీ పెట్టి పద్నాలుగేళ్ళు కాపాడాను, ఒక్కరోజు కూడా మూత లేవలేదు. అది మంచి ఇష్టం. దాని వల్ల ఎవరికీ కడుపునొప్పి రాలేదు.

ఈ మాట నేను చెప్పింది ఒక్క మార్లీస్‌కే. పాతిపెట్టాక మొదటి శనివారం, ఇదే కుర్చీ, పాత టోపీ కింద. స్టూలు లాక్కుని నా పక్కన కూచుని నా చెయ్యి పట్టుకుంది. కక్కెయ్యవే, లోపల పెట్టుకోకు అంది, పెదాలు చూసి తెలుసుకున్నాను. చెప్పాను. నువ్వు అన్నాను మార్లీస్, ఆయన్ని నువ్వు అన్నాను. తను నా వేళ్ళు నిమురుతూ కళ్ళు తుడుచుకుంది, నిజంగానే తుడుచుకుంది, ఆ తడి నేను చూశాను.

రెండు వారాల తరవాత పత్రికలో వచ్చింది. ఎర్ర అక్షరాలు, అరచెయ్యంత ఎత్తు, రైలు స్టేషను దగ్గర పత్రికలు పెట్టే ఇనప స్టాండులో మడతపెట్టి ఉంటే మడతలోంచి కూడా కనపడ్డాయి. 'నువ్వు వెళ్ళకు!' ఫాదర్ ఆఖరి నిమిషం ఫ్రాయిలైన్ ఒళ్ళో. ఆమెకి బాగా దగ్గరివాళ్ళు చెప్పారట, విప్పిన పట్టీ గురించి హెర్మన్ చెప్పాడట. బీన్సు గురించి ఒక్క ముక్క లేదు. అంతకు వారం ముందే ఒక కుర్రవాడు వచ్చాడు, లేత గోధుమరంగు తోలు జాకెట్, గుమ్మంలో బూట్లు రెండూ శుభ్రంగా తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు, తల్లి బాగా పెంచిందనుకున్నాను, రేగుపళ్ళ కేకు రెండు ముక్కలు పెట్టాను. "మీరు ఆయన్ని ఏమని పిలిచేవారండీ?" అని అడిగాడు. "ఫాదర్‌గారు అని, ఇంకేమంటారు" అన్నాను. "ఇద్దరూ కలిసున్న ఫోటో ఏదైనా?" అన్నాడు. లేదన్నాను, నిజంగానే నా దగ్గర లేదు. కేకు చాలా బాగుందని మాత్రం నిజాయితీగా చెప్పాడు. ఆ మాట కూడా పత్రికలో వేశాడు, ఆమె చేతి కేకు రుచి ఫాదర్‌కి బాగా తెలుసు అని.

అక్కణ్ణించి ప్రతి శనివారం ఒక ముక్క. పేరు లేని ఉత్తరాలు. డూయిస్‌బర్గ్ నుంచి ఒక రిటైరైన ట్రాము కండక్టరు మాత్రం పేరు, అడ్రసు, పెన్షను వివరాలతో సహా నన్ను పెళ్ళాడతానని రాశాడు, అందరిలోకీ మర్యాదస్థుడు అతనే. మా అన్నయ్య థియో క్రెఫెల్డ్ నుంచి రైలు దిగి కోటు కూడా విప్పకుండా అడిగాడు.

"అన్నావా, లేదా? ఒక్క మాటలో చెప్పు."

"అన్నాను."

"అయితే ఇంకేముంది. తుపాకీ క్లబ్బుకి నేనింక ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"నీ క్లబ్బులో ఒక్క గ్లాసు బీరు తాగి బ్యాంకు మేనేజర్ని నువ్వు అంటావు కదరా అన్నయ్యా, చేతిలో చెయ్యి మెలేసుకుని మరీ తాగుతారుగా."

"అది వేరు."

మగవాళ్ళ నోట్లోంచి వస్తే ఆ మాట స్నేహం, నా నోట్లోంచి వస్తే మంచం. మంచం గురించి ఎవరూ నన్ను సూటిగా అడగలేదు, అడిగితే చెప్పేదాన్ని, అడక్కుండానే అందరికీ తెలిసిపోయింది.

పత్రికలో మొదట వచ్చిన ఆ శనివారం అది పట్టుకుని మార్లీస్ దగ్గరికే పరిగెత్తాను. ఎవరు చెప్పారే, ఎవరే, అన్నాను. తను నా భుజాలు పట్టుకుని కూచోబెట్టింది. "ఎవరు చెప్పడమేంటే పిచ్చిదానా, నువ్వే చెప్పావు. టోపీ కింద ఉన్నవాళ్ళకి తమ గొంతు తమకి తెలీదు, నువ్వు అరిచావే రోసీ. షాపంతా విన్నది. ఫ్రౌ టెర్‌హోర్స్ట్ ఆ కిటికీ దగ్గరే కూచుంది." నిజమే, టోపీ కింద అందరూ అరుస్తారు, ఇక్కడ అది రోజూ ఉండే వేడుకే, ఒకసారి మేయరు భార్య టోపీ కింద తన మొలల బాధంతా మార్లీస్‌కి రహస్యంగా చెప్పి షాపంతటినీ నవ్వించింది. నమ్మాను. మూడు వారాలుగా నన్ను నేనే తిట్టుకుంటున్నాను, నా నోరే నా కొంప ముంచిందని, ఫాదర్‌గారి పేరు నా అరుపు వల్లే బురదలో పడిందని, మోకాళ్ళ మీద పడి ఆయన్ని క్షమించమని అడిగాను. క్షమించండి అని అడిగాను, మళ్ళీ మీరు అనే.

ఫ్రౌ టెర్‌హోర్స్ట్ ఇవాళ కూడా వచ్చింది. అదిగో, నా ఎదురుగానే, రెండు అంగల దూరంలో. నన్ను గుర్తుపట్టలేదు. సంచీలోంచి పత్రిక తీసింది, ఇవాళ్టిది, విప్పి రెండు చేతులా పట్టుకుని లోపలి పేజీ చదువుకుంటోంది, మొదటి పేజీ నా వైపు. చూడకూడదనుకున్నాను. వల అంచు కళ్ళ మీదికి లాక్కుందామనుకున్నాను, రోలరు అడ్డొచ్చింది. ఎర్ర అక్షరాలు. ఈసారి ఫోటో. ముందు కనపడింది గౌను. చేతుల్లేని గౌను, పెద్ద పెద్ద చుక్కలది. అది నా గౌను కాదు, జన్మలో నేను చేతుల్లేనిది కుట్టించుకోలేదు. తరవాత ఆ గౌనులో నా మొహం, ముప్ఫై ఆరేళ్ళది, నవ్వుతూ, కళ్ళు ఎండకి చికిలించి. పక్కన ఫాదర్‌గారు, ఛాతీ దాకానే, ఆయనా నవ్వుతూ. నా కుడి భుజం మీద, బట్టలేని చర్మం మీద, ఒక చెయ్యి. దాని చుట్టూ తెల్లటి గుండ్రం గీశారు. పైన అక్షరాలు ఇంత దూరం నుంచి కూడా చదవొచ్చు. ఈ చెయ్యి ఎవరిది?

పన్నెండేళ్ళ కిందటి వేసవి. చర్చి ఆడవాళ్ళ సంఘం రైన్ మీద స్టీమర్లో షికారు, ఎండ మాడ్చేస్తోంది, నేను మెడదాకా గుండీలున్న నల్ల గౌనులో చెమటలు కక్కుతుంటే మార్లీస్ నన్ను కింద గదిలోకి లాక్కెళ్ళి తను తెచ్చుకున్న రెండో గౌను తొడిగింది. "సన్యాసినివి కాదుగా ఇంకా, కాసేపు గాలి తగలనీ" అంది. పైకొచ్చాక బెంచీ మీద ముగ్గురం కూచున్నాం, ఎడమవైపు మార్లీస్, మధ్యలో నేను, కుడివైపు ఫాదర్‌గారు. ఆయన రెండు చేతుల్లోనూ సామాను, ఒకదాంట్లో నా సంచీ, ఒకదాంట్లో కాఫీ ఫ్లాస్కు, ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్ళో పట్టుకుని కూచున్నారు. దగ్గరగా జరగండి అన్నాడు విలి ఓఫోవెన్, మార్లీస్ మొగుడు, కెమెరా కన్నుకి ఆనించుకుని. మార్లీస్ నా మెడ వెనకనుంచి చెయ్యి వేసి నన్ను తన వైపు లాక్కుంది, లాక్కుని నా కుడి భుజం మీద అరచెయ్యి పెట్టింది. టిక్ మంది. పత్రికలో నా ఎడమవైపు మార్లీస్ లేదు, కత్తిరించేశారు. కింద సంచీ లేదు, ఫ్లాస్కు లేదు. చెయ్యి ఒక్కటీ మిగిలింది. గుండ్రంలో ఉన్న చేతి నాలుగు వేళ్ళు నా చర్మానికి ఆనుకుని ఉన్నాయి. ఐదోది, చిటికెన వేలు, విడిగా, ఎవరితోనో పోట్లాడినట్టు పక్కకి నిలబడి ఉంది.

ఫోటో ఒక్కటే ఉంది. విలి నెగెటివ్ పోగొట్టాడు. నాకో కాపీ కావాలే అని ఎన్నిసార్లు అడిగానో, అది మార్లీస్ ఇంట్లో నల్ల కాగితాల ఆల్బంలో నాలుగు మూలలా అంటించి ఉంటుంది. "చూడాలనిపించినప్పుడల్లా రావే, కేకు పెడతా" అనేది. ఏడాదికొకసారి వెళ్ళేదాన్ని, నా పుట్టినరోజున, కేకు తిని ఆల్బం తెరిచి చూసుకునేదాన్ని, ఫ్లాస్కు పట్టుకున్న ఆయన చేతుల్ని చూసి నవ్వుకునేదాన్ని. మార్లీస్ నా వెనక నిలబడి నేను చూడటం చూసేది. అంటే తెలుసు. నేను చెప్పకముందే తనకి అంతా తెలుసు. తెలిసి, మూలల్లోంచి జాగ్రత్తగా పీకి, గోధుమరంగు జాకెట్ చేతిలో పెట్టింది. పెట్టి, బుధవారం నాకు ఫోన్ చేసింది. కాఫీ పెట్టి ఉంటుందా అతనికి. కళ్ళు తుడుచుకుని ఉంటుందా అతని ముందు కూడా. దేనికి, మార్లీస్? వేలి కోసమా? ముప్ఫై ఏళ్ళుగా నవ్వుతూ చూపించిన ఆ వేలి కోసమైతే, ఒక్కసారైనా నవ్వకుండా చూపించి ఉండాల్సింది, ఆ తలుపులో నా పది వేళ్ళూ పెట్టేదాన్ని. నా పైన కొత్త టోపీ అంచు మీద కంపెనీ కాగితం వేడికి ముడుచుకుంటోంది. దాన్ని చూశాను, మళ్ళీ పత్రిక వైపు చూశాను, ఈ టోపీల డబ్బు ఎక్కడిదో ఇక అడగాలనిపించలేదు. తల కాలుతోంది. నేను అరవలేదు. ఆ శనివారం నేను అరవలేదు, గుసగుసగానే చెప్పాను, ఫాదర్‌గారి పేరు నా నోటి వల్ల బురదలో పడలేదు, ఆ ఒక్క సంతోషానికి ఏడుపొచ్చింది, బుగ్గల మీంచి గడ్డం దాకా కారింది.

మార్లీస్ వస్తోంది. గోడ గడియారంలో ఇంకా రెండు నిమిషాలుంది. నా ముందు వంగి, నవ్వి, వేడిగా ఉందా అని పెదాలతో అడిగి, టోపీ అంచు మీద చెయ్యి వేసింది. నాలుగు వేళ్ళు అంచు పట్టుకున్నాయి, ఐదోది విడిగా ఉంది. తన భుజం పక్కనించి ఫ్రౌ టెర్‌హోర్స్ట్ చేతిలో పత్రిక, దాంట్లోనూ అదే వేలు.

టోపీ కింద ఉన్నవాళ్ళకి తమ గొంతు తమకి తెలీదు. ఈసారి నాకు తెలుసు.

"ఫ్రౌ ఓఫోవెన్," అన్నాను, "మీ చిటికెన వేలు పత్రికలో చక్కగా పడిందండీ."

హోరులో నా మాట నాకే వినపడలేదు. ఎదురుగా నాలుగు నోళ్ళూ ఒక్కసారే ఆగాయి. ఫ్రౌ టెర్‌హోర్స్ట్ నన్ను చూసింది, గుర్తుపట్టింది, పత్రిక తిప్పి మొదటి పేజీ చూసింది, తల ఎత్తి టోపీ మీది చేతిని చూసింది, మళ్ళీ పేజీ చూసింది. తొందరపడలేదు, కూరగాయలు ఏరుకునేటంత శ్రద్ధగా చూసింది. పక్కావిడకి పేజీ చూపించి వేలితో ఆ గుండ్రం మీద తట్టింది. మార్లీస్ టోపీ ఎత్తేసింది. హోరు ఆగిపోయింది, షాపులో కుళాయి చుక్కలు పడుతున్నాయి, ట్రాక్టరు చప్పుడు వీధి చివరిదాకా వినపడింది. టోపీ ఎత్తిన కుడి చెయ్యి నీలం గౌను జేబులోకి వెళ్ళిపోయింది.

"రోసీ, నువ్వేంటే... నువ్వు నన్ను... అతను వేరేలా చెప్పాడే, మంచిగా రాస్తానన్నాడు, నువ్వు ఒకసారి నా మాట..."

"మీరు అనండి," అన్నాను.

నేను లేచి నిలబడి, రోలర్ల మీదే స్కార్ఫు కట్టుకుని, ముడి గట్టిగా బిగించుకుని, కోటు తొడుక్కున్నాను. "జుట్టింకా తడిగా ఉంది" అంది తను, ఎవరితో అంటున్నట్టో తెలీకుండా, నువ్వూ మీరూ ఏదీ లేకుండా. వెనక గుమ్మం వైపు వెళ్ళలేదు. నలుగురూ కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు, వాళ్ళ మధ్యలోంచి నడిచి వీధి గుమ్మం తలుపు తీశాను, గంట మోగింది. ఇక ఈ ఊళ్ళో నేను నువ్వు అనగలిగేది ఒక్కరినే. రేపు పదింటికి ఆయన పూజ.